సంకేతశాస్త్ర అంతర్జాతీయ వేసవి పాఠశాల: విశాఖ నుంచి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో తెలుగు, ఇంగ్లిష్, భాషాశాస్త్రం, జర్నలిజం, ఆర్కిటెక్చర్, లలితకళలు చదువుతున్నవారి కోసం, చెబుతున్నవారి కోసం ఈ పేజీ. మాటలు, బొమ్మలు, గుర్తులు అర్థాన్ని ఎలా ఇస్తాయో పరిశీలించేది సంకేతశాస్త్రం (సెమియాటిక్స్). విదేశాల్లో జరిగే దాని వేసవి పాఠశాలలకు దరఖాస్తు పెట్టేవారందరికీ మేం ముందుగా చెప్పేది ఒక్కటే: మన ఊళ్లో మీరు స్వయంగా చూసి, కొలిచి, రాసుకున్న సామగ్రి ఏదో ఒకటి వెంట తీసుకెళ్లండి. సిద్ధాంతం అక్కడ చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. విశాఖ రేవు గురించి చెప్పగలిగేది మీరొక్కరే.

అసలు వేసవి పాఠశాలలో ఏం జరుగుతుంది?

సాధారణంగా 5 నుంచి 10 రోజులు. పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం చిన్న బృందాలతో వర్క్‌షాపులు, సాయంత్రం పాల్గొన్నవారి పరిశోధన పత్రాలు. అందరూ ఒకేచోట బస చేస్తారు కాబట్టి అసలు చదువు చాలావరకు భోజనాల బల్ల దగ్గరే సాగుతుంది.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1964 ఆగస్టులో టార్టు సాహిత్య పరిశోధకుడు యూరీ లోట్మన్ చొరవతో దక్షిణ ఎస్టోనియాలోని కారికులో, టార్టు విశ్వవిద్యాలయం క్రీడా శిబిరంలో, మొదటి సంకేతశాస్త్ర వేసవి పాఠశాల జరిగింది. మాస్కో భాషావేత్తలు, టార్టు సాహిత్య పరిశోధకులు ఒకచోట కూర్చుని పురాణం, కవిత్వం, పేకాటతో జోస్యం, ట్రాఫిక్ దీపాలు అన్నిటినీ ఇది సంకేతంగా ఎలా పనిచేస్తుందన్న ఒకే ప్రశ్నతో పరిశీలించారు. అదే ఏడాది టార్టులో మొదలైన సంకేతశాస్త్ర పత్రిక నేటికీ వస్తోంది. దాని ఇటీవలి సంచికలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవచ్చు. టార్టు వేసవి పాఠశాల సంప్రదాయం 2011లో మళ్లీ మొదలైంది. ఇటలీలోని ఉర్బినోలో 1970లో ఏర్పడిన కేంద్రం వేసవి సదస్సులకు పేరుపొందింది. బల్గేరియాలో నల్లసముద్రం ఒడ్డున సోజోపోల్‌లో సెప్టెంబరులో జరిగే పాఠశాల కూడా ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ప్రతిదీ ఏటా జరగదు. అంశం కూడా ప్రతిసారీ మారుతుంది. అందుకే పోయినసారి ప్రకటన చూసి దరఖాస్తు రాయకండి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ల వేసవి జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా. అప్పటికి మన దగ్గర సెలవులు అయిపోయి తరగతులు నడుస్తుంటాయి. హాజరు మినహాయింపు, పరీక్షల తేదీలు విభాగాధిపతితో ముందే మాట్లాడుకోండి. నోటిమాట చాలదు, సంతకం ఉన్న కాగితం తీసుకోండి. వీసాకూ అదే పనికొస్తుంది.

ఎవరు చేరవచ్చు?

ఎక్కువ చోట్ల పీజీ విద్యార్థులు, పరిశోధకులు, యువ అధ్యాపకులు. డిగ్రీ చివరి ఏడాదివారిని తీసుకునేవి కూడా ఉన్నాయి. డిజైన్, ప్రకటనల రంగాల్లో ఉద్యోగం చేస్తున్నవారికి తలుపులు మూసి ఉండవు, కానీ ఎందుకు రావాలనుకుంటున్నారో ఉత్తరంలో స్పష్టంగా రాయాలి.

సంకేతశాస్త్రం ఎప్పుడూ చదవలేదు. రెండు నెలల్లో ఎంతవరకు సిద్ధం కావచ్చు?

చాలినంత. మొదటి రెండు వారాలు స్విస్ భాషావేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ (1857–1913). ఆయన పాఠాలు మరణానంతరం 1916లో పుస్తకంగా వచ్చాయి. అందులో భాషాసంకేతం స్వభావం గురించిన అధ్యాయం, విలువ గురించిన అధ్యాయం చాలు. పుస్తకమంతా ఏకబిగిన చదవబోయి మధ్యలో వదిలేసేవారే ఎక్కువ. తర్వాత మూడు వారాలు అమెరికా తత్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914). పోలికతో పనిచేసే ఐకన్, కారణంతోనో సామీప్యంతోనో పనిచేసే ఇండెక్స్, అలవాటుతో కుదిరే సింబల్ అన్న విభజన ఆయనదే. సంకేతాలను ఈ మూడు డబ్బాల్లో సర్దేయడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. ఇవి సంకేతం పనిచేసే మూడు తీరులు. ఒకే సంకేతంలో మూడూ ఉండవచ్చు.

ఆ తర్వాత ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ ప్రకటన చిత్రాన్ని విశ్లేషిస్తూ 1964లో రాసిన వ్యాసం, లోట్మన్ 1984లో ప్రతిపాదించిన సెమియోస్ఫియర్ (సంకేతాలన్నీ కలిసి పనిచేసే సాంస్కృతిక ఆవరణ) భావన చూడండి. చివరి రెండు వారాలు చదవడం ఆపేసి మీ సామగ్రి మీద పని చేయండి. పుస్తకాల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో భాషాశాస్త్రం, సాహిత్య విమర్శ, తత్వశాస్త్రం మూడు విభాగాలూ వెతకండి. ఈ విషయం పుస్తకాలు ఒక్క అరలో దొరకవు.

మన అలంకారశాస్త్రం, న్యాయదర్శనం (తర్కం) అక్కడ పనికొస్తాయా?

తప్పకుండా. కాకపోతే జాగ్రత్తగా వాడాలి. "ధ్వని (మాట సూచించే అర్థం) అంటే కనోటేషనే (అనుబంధార్థమే)" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే వినేవారికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. దానికి బదులు "గంగాయాం ఘోషః" ఉదాహరణను మెట్టుమెట్టుగా విప్పండి. గంగ మీద పల్లె అంటే వాచ్యార్థం కుదరదు. కుదరకపోవడం వల్ల లక్షణతో, అంటే దానికి సంబంధించిన మరో అర్థం తీసుకోవడంతో, గట్టు అనే అర్థం వస్తుంది. గట్టు అని నేరుగా అనకుండా గంగ అనడం వల్ల చల్లదనం, పావనత్వం వ్యంజన (సూచన) ద్వారా స్ఫురిస్తాయి. ఒక అర్థం విఫలమైతేనే ఇంకొకటి మొదలవుతుందన్న ఈ క్రమం చర్చకు మంచి సరుకు.

అలాగే కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించడం. దాన్ని పర్స్ చెప్పిన ఇండెక్స్‌కు ఉదాహరణగా చెప్పి ఊరుకోవచ్చు. కానీ పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న సంబంధం) ముందే తెలియనివాడికి పొగ ఏమీ చెప్పదని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, అంటారు. అయితే ఇండెక్స్ పనిచేయడానికి అలవాటు ఎంత అవసరం? ఈ ప్రశ్నతో వెళితే అరగంట చర్చ నడుస్తుంది. కూచిపూడి నేర్చుకున్నవారైతే హస్తముద్రల వీడియో తీసుకెళ్లండి. వేళ్లు కలిపి చాచిన ఒకే పతాక హస్తం సందర్భాన్నిబట్టి ఎన్ని పనులు చేస్తుందో చూపించడానికి మాటలకన్నా అదే మేలు.

విశాఖలో ఏ విషయం ఎంచుకోవచ్చు?

మా మొదటి సలహా: రేవులో ఎగరేసే తుపాను హెచ్చరికలు. "మూడో నంబరు ప్రమాద సూచిక" అనే మాట కోస్తాలో వినని ఇల్లు లేదు. భారతీయ రేవుల్లో ఈ సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. పగలు శంకువులు, స్తూపాకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. 1, 2 సముద్రంలో దూరాన ఉన్న వాయుగుండం లేదా తుపాను గురించి. 3, 4 రేవుకే ముప్పు పొంచి ఉన్నప్పుడు.

అసలు విషయం 5 దగ్గర మొదలవుతుంది. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. తేడా తుపాను దారిలో ఉంది: రేవు ఆ దారికి ఎడమవైపు పడుతుందనుకుంటే 5, కుడివైపు పడుతుందనుకుంటే 6, తుపాను రేవు మీదుగానో చాలా దగ్గరగానో పోతుందనుకుంటే 7. తీవ్రత పెరిగితే ఇదే వరుస 8, 9, 10గా మళ్లీ వస్తుంది. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. తూర్పు తీరంలో పడమరకు కదిలే తుపానుకు కుడివైపున గాలి సముద్రం మీంచి నేల మీదకు వీస్తుంది, ఉప్పెన ముప్పు అటే ఎక్కువ. అంటే 5కూ 6కూ మధ్య తేడా నావికుడికి దిక్కు. కానీ వార్త చదివేవారికి 5 నుంచి 6 అంటే ప్రమాదం ఒక మెట్టు పెరిగినట్టే. సంకేతం ఒకటి, దానికి అర్థం కుదిర్చే నియమావళి, అంటే కోడ్, ఒకటి, అర్థం చేసుకునే సమాజాలు రెండు. చేపలరేవులో పడవ యజమానులను, నగరంలో వార్తలు చదివేవారిని ఒకే ప్రశ్న అడిగి జవాబులు పక్కపక్కన పెట్టండి. వాతావరణ శాఖ వాడే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల వరుసతో పోల్చండి. అది నిజంగానే మెట్ల వరుస.

రెండో విషయం రేవు దారిలో తేలుతూ ఓడలకు హద్దులు చూపే గుర్తులు, అంటే బోయాలు. సముద్రం నుంచి లోపలికి వచ్చే ఓడకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. ఎరుపువి డబ్బా ఆకారం, ఆకుపచ్చవి శంకువు ఆకారం, రాత్రి దీపాలదీ అదే రంగు. బోయాల కోసం ప్రపంచాన్ని ఎ, బి అని రెండు ప్రాంతాలుగా పంచారు. భారతదేశం ఉన్న ఎ ప్రాంతపు నియమం ఇది. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ఉన్న బి ప్రాంతంలో రంగులు తిరగబడతాయి. ఆకారాలు మాత్రం తిరగబడవు: ఎడమవైపు డబ్బాయే, కుడివైపు శంకువే. 1970ల్లో ప్రపంచంలో ముప్పైకి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉండేవి. 1980లో కుదిరిన అంగీకారంతో రెండు ప్రాంతాల పద్ధతి వచ్చింది. సంకేతం యాదృచ్ఛికం, అంటే దానికీ అర్థానికీ సహజమైన సంబంధం లేదు, అని సొస్యూర్ అన్నదానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ మాకు తెలియదు.

మూడోది బౌద్ధ క్షేత్రాలు: తొట్లకొండ, బావికొండ, శంకరం దగ్గర బొజ్జన్నకొండ. తొలి బౌద్ధ శిల్పంలో బుద్ధుడి స్థానంలో కనిపించే పాదముద్ర, చక్రం, ఖాళీ ఆసనం మీద పని చేయాలంటే ఒక వివాదం తెలిసి ఉండాలి. ఇవి బుద్ధుడికి బదులుగా చెక్కినవన్న పాత వాదాన్ని కళాచరిత్రకారిణి సూసన్ హంటింగ్టన్ 1990లో గట్టిగా ప్రశ్నించారు. చాలా దృశ్యాలు ఆ పుణ్యస్థలాల్లో జరిగిన పూజలవే అని ఆమె వాదన. ఈ సంగతి తెలియకుండా వెళితే మొదటి ప్రశ్నకే ఆగిపోతారు.

సింహాచలం చందనం, ఏటికొప్పాక లక్కబొమ్మలు, బీచ్ రోడ్డు బోర్డులు కూడా మంచి విషయాలే. ఆహార పొట్లాల మీద మాంసాహార గుర్తు గోధుమరంగు చుక్క నుంచి త్రిభుజంగా మారడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆకుపచ్చకూ గోధుమరంగుకూ తేడా తెలియని కళ్లకు రంగు ఒక్కటే చాలదని గుర్తించడం వల్ల వచ్చిన మార్పు అది. ఇక్కడా ఆకారమే ఆదుకుంది. బోయాల పక్కన పెట్టి చూడండి.

సామగ్రి ఎలా సేకరించాలి?

హద్దు ముందే గీసుకోండి. ఉదాహరణకు ఒక రోడ్డులో 500 మీటర్లు, ఒకవైపు మాత్రమే. ఆ హద్దులో ఉన్నవన్నీ నమోదు చేయాలి. ఆసక్తిగా ఉన్నవి మాత్రమే ఏరుకుంటే ఆ తర్వాత "ఎక్కువగా", "తరచుగా" అనే మాటలు వాడే హక్కు పోతుంది.

ఒక్కో సంకేతానికి ఒక్కో వరుస: తేదీ, సమయం, స్థలం, దేని మీద ఉంది, పొడవు వెడల్పులు, నేల నుంచి ఎత్తు, భాషలు, లిపులు, ఏది పైన ఏది కింద, ఎవరు పెట్టారు, పక్కన ఏముంది. ఒక్కోదానికి మూడు ఫొటోలు తీయండి: దూరం నుంచి పరిసరాలతో, ఎదురుగా, దగ్గరగా. దగ్గరి ఫొటోలో స్కేలు ఉండాలి. ఎక్కువగా జరిగే నష్టం బోర్డు వరకే కత్తిరించిన ఫొటో. పక్కనున్న గోడ, స్తంభం, చెట్టు కనిపించకపోతే ఎవరి కంటికి ఏ ఎత్తులో పెట్టారో తెలియదు. దీపాలు, నియాన్ బోర్డులు ఉంటే రాత్రి మరోసారి వెళ్లాలి. మొత్తం 30 నుంచి 40 నమూనాలు ఒక వేసవి పాఠశాల పత్రానికి చాలు.

ఫొటోలకు అనుమతి కావాలా?

విశాఖలో ఇది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న నగరం ఇది. నౌకాదళ ప్రాంగణాలను, ఓడలను, కాపలా గేట్లను ఫొటో తీయకండి. డ్రోన్ ఆలోచనే వద్దు. రేవు లోపలికి వెళ్లాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. దొరకకపోతే పటాలు, నావికులతో సంభాషణల మీద ఆధారపడండి, దానితోనూ మంచి పత్రం వస్తుంది. మనుషుల ముఖాలు, మాటలు వాడుకుంటే వారి అనుమతి తెలుగులో అడిగి, తెలుగులోనే రాయించుకోండి. చేపలరేవులో వేకువన వేలం జరిగే వేళ ఎవరినీ ప్రశ్నలతో ఆపకండి. వలలు బాగుచేసుకునే వేళకు వెళితే తీరిగ్గా మాట్లాడతారు.

విశ్లేషణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక అంశాన్ని మార్చి చూడటంతో. డెన్మార్క్ భాషావేత్త లూయీ యెల్మ్‌స్లేవ్ పేరుతో ముడిపడిన పరీక్ష ఇది. సంకేతంలో ఒక్క అంశాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, అర్థం మారిందా లేదా అని అడగాలి. బోయా రంగు మారిస్తే? ఆకారం మారిస్తే? మీద మనిషి ఎత్తు పక్షి రెట్ట చారలు పడితే? చివరిదానితో ఏమీ మారదు కాబట్టి అది కోడ్‌లో భాగం కాదు. అదే సమయంలో ఆ బోయా ఎంతకాలంగా అక్కడుందో అది చెప్పవచ్చు, అంటే వేరే రకం సంకేతం. ప్రతి నమూనాకూ ఇలాంటి మార్పుల పట్టిక తయారయ్యాకే పర్స్ పదాలు తేండి. ముందే తెస్తే వర్ణన పలచనైపోతుంది.

దరఖాస్తుతో పంపే పత్రం సారాంశం ఎలా రాయాలి?

సాధారణంగా 250 నుంచి 300 పదాలు అడుగుతారు. మొదటి రెండు వాక్యాల్లో సామగ్రి ఏమిటో, ఎక్కడిదో, ఎంతో. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న. ఆ తర్వాత పద్ధతి, ఇప్పటివరకు కనిపించినది. చివర ఈసారి పాఠశాల అంశంతో సంబంధం. తిరస్కరణకు గురయ్యే సారాంశాలు చాలావరకు సిద్ధాంతకర్తల పేర్లతోనే నిండి ఉంటాయి. సామగ్రి నాలుగో వాక్యం దాకా కనిపించదు. భారతీయ సంస్కృతి అంతటి గురించీ ఏదీ రాయకండి.

ఇంగ్లిష్ ధారాళంగా రాదు. ఇబ్బందా?

అక్కడికి వచ్చేవారిలో చాలామందికి ఇంగ్లిష్ రెండో భాషో మూడో భాషో. 20 నిమిషాల పత్రానికి 2,000 పదాలు మించకుండా రాసుకుని, గడియారం పెట్టుకుని పైకి చదవండి. చర్చకు మరో 10 నిమిషాలు ఇస్తారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, అది అక్కడ మామూలే.

స్లైడ్లలో తెలుగు అక్షరాలు చెదిరిపోతున్నాయి. ఏం చేయాలి?

రెండు కారణాలు. 'అను' వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూడాలి. యూనికోడ్‌లో ఉన్నా, అక్కడి కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోతాయి లేదా డబ్బాలు వస్తాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ తీసుకెళ్లండి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. పోస్టర్ అయితే ఎ0 కొలత 841 × 1189 మిల్లీమీటర్లు, ఇక్కడే బట్ట మీద ముద్రించి మడిచి పెట్టుకుంటే విమానంలో గొట్టం మోయక్కర్లేదు.

ప్రతి తెలుగు ఉదాహరణకూ మూడు వరుసలు ఉండాలి: లిప్యంతరీకరణ (ఇంగ్లిష్ అక్షరాల్లో), పదం కింద పదం అర్థం, పూర్తి అనువాదం. తెలుగు లిపి వాటికి పైన. లిపిని వదిలేస్తే మీ విషయంలో సగం వదిలేసినట్టే.

వీసా ఎప్పుడు, ఎలా?

షెంగెన్ దేశాలకు (ఒకే ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాలు) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు, కానీ పరిశీలన 45 రోజుల దాకా సాగవచ్చు. మే నుంచి జులై వరకు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. అందుకని ఆమోద ఉత్తరం చేతికందిన వారంలోనే సమయం తీసుకోండి. వేలిముద్రలకు స్వయంగా వెళ్లాలి. ఏ దేశానికి ఏ ఊళ్లో కేంద్రం ఉందో చూసుకుని రైలు టికెట్ తీయండి.

పాస్‌పోర్ట్ పదేళ్లలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటులో ఉండి, రెండు ఖాళీ పేజీలు కలిగి ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు. పెద్దలకు వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. అయితే చదువు లేదా శిక్షణ కోసం వెళ్లే విద్యార్థులకు, వారితో వెళ్లే అధ్యాపకులకు ఈ ఫీజు మినహాయింపు ఉంది. చాలామందికి తెలియక కట్టేస్తున్నారు. ఆహ్వాన ఉత్తరంలో విద్యా కార్యక్రమం అని స్పష్టంగా రాయించుకుని కౌంటర్ దగ్గర అడగండి. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము మాత్రం తప్పదు.

తిరస్కరణకు సాధారణ కారణాలు: తిరిగి వస్తారన్న నమ్మకం కుదరకపోవడం, డబ్బు ఎక్కడిదో తేలకపోవడం. దరఖాస్తుకు ముందు వారం ఖాతాలో ఒక్కసారిగా పడిన పెద్ద మొత్తం మేలుకంటే కీడే చేస్తుంది. నాన్నగారో అన్నయ్యో ఖర్చు పెట్టుకుంటుంటే వారి ఉత్తరం, వారి ఖాతా వివరాలు, బంధుత్వానికి రుజువు జతచేయండి.

రిజిస్ట్రేషన్ ఫీజు పంపాం, అందలేదంటున్నారు. ఎందుకు?

బ్యాంకు ద్వారా పంపినప్పుడు మధ్యలోని బ్యాంకులు తమ రుసుము కోసుకుంటాయి. కొన్ని యూరోలు తక్కువగా చేరితే పేరు నమోదు కాదు. విదేశాలకు డబ్బు పంపేందుకు ఇచ్చే ఎ2 ఫారం నింపేటప్పుడే రుసుములన్నీ పంపేవారే భరిస్తారన్న ఎంపిక పెట్టమని బ్యాంకులో చెప్పండి. చెల్లింపు వివరంలో మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే వాళ్లు గుర్తుపట్టలేరు.

క్రెడిట్లు ఇక్కడ చెల్లుతాయా?

యూరప్‌లో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, అందులో ఇంటి దగ్గర చదివేది, రాసేది కూడా లెక్కే. చెల్లుబాటు మీ విశ్వవిద్యాలయం నిర్ణయం. వెళ్లే ముందే పాఠ్యప్రణాళిక, గంటల వివరం ఇచ్చి రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల క్రెడిట్లు రావాలంటే పాఠశాల ముగిశాక వ్యాసం పంపాలి.

బట్టలు, తిండి?

ఎస్టోనియాలో ఆగస్టు రాత్రులు మనవాళ్లకు చలే. స్వెటర్, వాన కోటు తప్పనిసరి. ఉర్బినో కొండ మీది ఊరు, ఎగుడుదిగుడు రాతి వీధులు, చెప్పులతో నడవలేరు. శాకాహారులైతే రిజిస్ట్రేషన్ పత్రంలోనే రాయండి, చేప కూడా తినరని విడిగా రాయండి.

వెళ్లడం కుదరకపోతే ఇంటి నుంచి వినవచ్చా?

కొన్ని పాఠశాలలు ఉపన్యాసాలను ఆన్‌లైన్‌లో ఇస్తాయి. వేసవిలో ఎస్టోనియా మనకంటే 2 గంటల 30 నిమిషాలు, ఇటలీ 3 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ పొద్దున 10కి మొదలైతే మనకు మధ్యాహ్నం 12:30 లేదా 1:30. వర్క్‌షాపులు సాధారణంగా ఆన్‌లైన్‌లో ఉండవు. అలా వింటున్నవారు నలుగురైదుగురు కలిసి, ఆ రోజు ఉపన్యాసంలో చెప్పిన పద్ధతిని సాయంత్రం బీచ్ రోడ్డులో తమ 500 మీటర్ల మీద ప్రయత్నిస్తే వర్క్‌షాపు లోటు చాలావరకు తీరుతుంది.